చలికాలం దాటిన గుఱ్ఱాలు

ముప్ఫైమూడేళ్ళు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. ప్రబంధాలలోని అశ్వవర్ణనలు ఎన్ని తరగతులకు వివరించానో లెక్క లేదు. వాయువేగం, మనోవేగం, నేల తాకని గిట్టలు, నురగలు కక్కే నోరు, ఈ సామగ్రి అంతా నాకు కంఠోపాఠం. నిజం ఒప్పుకోవాలంటే, అరవయ్యో పడిలో పడేదాకా నేను గుఱ్ఱం ఒంటిమీద చెయ్యి వేసి ఎరుగను. కావ్యాలలో గుఱ్ఱానికి చలికాలం ఉండదు. ఆకలీ ఉండదు. అది ఎప్పుడూ నిగనిగలాడుతూ, ఎప్పుడూ పరుగెత్తుతూనే ఉంటుంది. గుఱ్ఱానికి ఏడాదిలో ఒక క్షీణకాలమూ, మళ్ళీ కోలుకునే కాలమూ ఉంటాయన్న సంగతి నాకు 2023 ఏప్రిల్‌లో, అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో తెలిసింది.

మా అమ్మాయి కుటుంబం అప్పుడు బోజ్‌మన్ పట్టణంలో ఉండేది. వాళ్ళకు పరిచయమున్న ఒక పశువుల రాంచ్ చూడడానికి ఒక ఆదివారం బయలుదేరాము. కొండల మీద మంచు ఇంకా తెల్లగానే ఉంది. లోయలో మాత్రం నేల బయటపడి, బురదబురదగా ఉంది. దొడ్డిలో పన్నెండు గుఱ్ఱాలు నిలబడి ఉన్నాయి. ఒంటినిండా ఎలుగుబంటికి ఉన్నంత బొచ్చు. చూడడానికి బొద్దుగా, పుష్టిగా కనిపించాయి. ఆ మాటే అన్నాను. రాంచ్ యజమాని డెబ్బై దాటిన మనిషి, మితభాషి. నా చెయ్యి పట్టుకుని ఒక గుఱ్ఱం పక్కటెముకల మీద పెట్టి అదిమాడు. బొచ్చు కింద ఎముకలు ఒక్కొక్కటీ వేళ్ళకు తగిలాయి, హార్మోనియం మెట్లలాగా. కళ్ళను నమ్మవద్దనీ, చలికాలపు బొచ్చు అబద్ధం చెప్తుందనీ, చెయ్యి మాత్రం చెప్పదనీ ఆయన అన్న మాటల సారాంశం.

దూడలకు ముద్రలు వేసే పని నెలరోజుల్లో ఉంది. ఆ రోజు ఎవరైనా స్వారీ చేస్తారేమో చూద్దామని మా మనవడు ఆశపడ్డాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఈ వారం నడక మాత్రమే, పరుగు లేదు అన్నాడు.

ఆ చెయ్యి, ఆ మాట నన్ను యాభై ఏళ్ళు వెనక్కు తీసుకుపోయాయి. ఆ సంగతి చివర చెప్తాను. ముందు ఈ గుఱ్ఱాల చరిత్ర. ఇంటికి వచ్చాక రెండు నెలలు ఊళ్ళోని గ్రంథాలయంలో కూర్చుని చదివిందీ, ఆ పెద్దాయనను మళ్ళీ మళ్ళీ అడిగి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

గుఱ్ఱం జాతి పుట్టినిల్లు ఉత్తర అమెరికాయే. అయితే సుమారు పదివేల ఏళ్ళ కిందట అక్కడ అంతరించిపోయింది. 1519లో కోర్టెస్ మెక్సికో తీరంలో దిగినప్పుడు అతనివెంట వచ్చిన గుఱ్ఱాలు పదహారు. ఆ తరువాత స్పెయిన్‌వాళ్ళ మందలనుంచి గుఱ్ఱాలు ఉత్తరానికి పాకాయి. 1680లో న్యూ మెక్సికోలో ప్యూబ్లో ప్రజలు తిరుగుబాటు చేసినప్పుడే గుఱ్ఱాలు మైదానాల తెగల చేతికి వచ్చాయని చాలాకాలం పుస్తకాలలో రాశారు. పురాతన అస్థికలను పరీక్షించి 2023లో ప్రకటించిన ఒక పరిశోధన, అంతకు ముందే, పదిహేడో శతాబ్దం తొలి సగంలోనే, అక్కడి ఆదివాసులు గుఱ్ఱాలను పెంచారని తేల్చింది.

గుఱ్ఱంతోపాటు మాటలూ వచ్చాయి. తత్సమ తద్భవాలు నేర్పినవాణ్ణి కనుక ఇక్కడ కాసేపు ఆగకుండా ఉండలేను. రాంచ్ అన్న మాటే స్పానిష్ 'రాంచో'కు తద్భవం. 'లా రియాటా' అన్న తాడు 'లారియట్' అయింది. దారి తప్పిన పశువును చెప్పే 'మెస్తెన్యో' నుంచి 'మస్టాంగ్' వచ్చింది. గుఱ్ఱాల మంద 'కబయాదా' ఉత్తరాది కౌబాయ్‌ల నోట అరిగి అరిగి 'కావీ' అయింది. గుఱ్ఱాల కాపరి 'కబయెరాంగో' నుంచే 'రాంగ్లర్' వచ్చిందని చెప్తారు. అన్నిటికన్నా నాకు నచ్చింది 'రెముడా'. రాంచ్‌లో స్వారీ గుఱ్ఱాల మందకు అదే పేరు. మూలార్థం 'మార్పు'. ఒక గుఱ్ఱం అలిసిపోతే దాన్ని వదిలి మరొకదాన్ని మార్చుకునే మంద అన్నమాట. గుఱ్ఱం అలిసిపోతుందన్న ఎరుక ఆ పేరులోనే ఉంది. మన కావ్యాల గుఱ్ఱాలకు ఆ భాగ్యం లేదు.

రాంచ్‌లకు ముందు ఆ మైదానాలలో చలికాలాన్ని గుఱ్ఱాలతో గడిపినవారు ఆదివాసులు. మిసోరీ నదీతీరంలోని మాండన్, హిడాట్సా గ్రామాలలో కాటన్‌వుడ్ చెట్ల లేతకొమ్మలూ, బెరడూ నరికి చలికాలంలో గుఱ్ఱాలకు మేతగా వేసేవారు. 1804-05 చలికాలం ఆ గ్రామాల పక్కనే గడిపిన లూయిస్, క్లార్క్ బృందం దీన్ని చూసి రాసుకుంది. ఎంత శ్రద్ధగా చూసినా మార్చి నాటికి గుఱ్ఱాలు చిక్కిపోయేవి. పచ్చిక మొలిచి, నెలా రెండు నెలలు మేసి, మళ్ళీ కండపట్టేదాకా దూరపు వేటా లేదు, యుద్ధమూ లేదు. ఒక జాతి పంచాంగం మొత్తం గుఱ్ఱం ఒంటిమీద రాసి ఉండేది.

ఆ పంచాంగాన్ని శత్రువు కూడా చదివాడు. అమెరికా సైన్యపు గుఱ్ఱాలు గింజలు తిని బతికేవి. బండ్లమీద ఓట్లు, మొక్కజొన్నలు మోసుకుపోగలిగితే వాటికి చలికాలమైనా ఒకటే. ఆదివాసుల గుఱ్ఱాలు నడవలేని కాలంలోనే దాడి చేయాలన్నది జనరల్ షెరిడన్ వ్యూహం. 1868 నవంబరు 27న, నేటి ఓక్లహోమాలోని వాషిటా నది ఒడ్డున, బ్లాక్ కెటిల్ అనే నాయకుడి షయాన్ గ్రామం మీద కస్టర్ తెల్లవారుజామున మంచులో విరుచుకుపడ్డాడు. బ్లాక్ కెటిల్, ఆయన భార్య మరణించారు. ఆనాడే పట్టుబడిన ఎనిమిది వందలకు పైగా గుఱ్ఱాలను, కంచరగాడిదలను సైనికులు చంపివేశారు. చలికాలం గుఱ్ఱాన్ని దెబ్బతీసే తీరులో పక్షపాతం లేదని కూడా అప్పుడే తేలింది. కస్టర్‌ను కలుసుకోవడానికి బయలుదేరిన కాన్సాస్ స్వచ్ఛంద అశ్వికదళం మంచుతుపానులో దారి తప్పి, మేత లేక వందల గుఱ్ఱాలను పోగొట్టుకుంది. గుఱ్ఱపు రౌతులు చాలామంది ఆ దండయాత్రలో మిగిలిన దారి కాలినడకన సాగారు.

1874 సెప్టెంబరు 28న టెక్సస్‌లోని పాలో డ్యూరో లోయలో కర్నల్ మెకంజీ ఇదే పని మరింత పెద్దయెత్తున చేశాడు. ఆనాటి పోరులో మనుషులు చనిపోయింది కొద్దిమందే. పట్టుకున్న గుఱ్ఱాలలో వెయ్యికి పైగా మర్నాడు కాల్చి పారేశారు. ముందు చలికాలం, చేతిలో గుఱ్ఱం లేదు. 1875 జూన్ నాటికి క్వానా పార్కర్ వెంట ఉన్న చివరి కొమాంచీలు కూడా ఫోర్ట్ సిల్ చేరి లొంగిపోయారు. గుఱ్ఱం చిక్కిపోవడం ఒక పశువైద్య విషయం మాత్రమే అనుకునేవారు ఈ రెండు తేదీలను గుర్తుపెట్టుకోవాలి.

ఆదివాసులను తొలగించిన ఆ గడ్డిమైదానాల మీదికే టెక్సస్ పశువులు వచ్చాయి. అంతర్యుద్ధం ముగిసిన 1865 తరువాత దక్షిణాదినుంచి మందలను తోలుకురావడం మొదలై, 1880 ప్రాంతానికి వ్యోమింగ్, మోంటానా, డకోటాలలో కంచెలు లేని బీళ్ళు పశువులతో నిండాయి. ఆ కాలపు వ్యవసాయంలో చలికాలానికంటూ ఖర్చు లేదు. శరత్కాలంలో అమ్మకపు పశువులను వేరుచేసి రైలెక్కించాక, కౌబాయ్‌లలో చాలామందికి ఉద్యోగం ఊడిపోయేది. స్వారీ గుఱ్ఱాలకు లాడాలు ఊడదీసి, బీటిమీదికి వదిలేసేవారు. లాడం ఉంచితే మంచు దాని కింద ఉండకట్టి గుఱ్ఱం జారిపడుతుంది. అదీగాక లాడం లేని నాలుగైదు నెలలలో గిట్ట సాగి, పాత మేకుల బెజ్జాలు కిందికి దిగి అరిగిపోతాయి. సరిహద్దులు చూసే కొద్దిమంది మనుషులకోసం కొద్ది గుఱ్ఱాలను మాత్రం గింజ పెట్టి ఉంచుకునేవారు. తక్కినవాటి భారం ప్రకృతిది.

గుఱ్ఱం ఆ భారాన్ని పశువుకన్నా బాగా మోస్తుంది. మంచు కప్పిన నేలను అది ముందరి గిట్టతో తవ్వి గడ్డి అందుకుంటుంది. ఆవుకు ఆ విద్య తెలియదు. మూతితో నెట్టుతుంది, మంచు పెచ్చుకడితే ఓడిపోతుంది. గుఱ్ఱం తిన్న ఎండుగడ్డి పెద్దపేగులో పులిసేటప్పుడు పుట్టే వేడి దానికి లోపలి కుంపటి. గడ్డి అందకపోతే మాత్రం ఒంట్లో కొవ్వునూ, తరువాత కండనూ ఆ కుంపటిలో వేసుకుని బతుకుతుంది. ఏప్రిల్‌లో మన చేతికి తగిలే పక్కటెముకలు ఆ చలిమంటల లెక్క.

వసంతంలో రాంచ్‌వాళ్ళ మొదటి పని గుఱ్ఱాలను వెతికి పోగుచెయ్యడం. మోంటానాలో మే నెల నడిమికి రౌండప్ మొదలయ్యేది. అంటే పశువులన్నిటినీ చుట్టుముట్టి ఒకచోటికి తోలి, కొత్త దూడలకు ముద్రలు వేసే సామూహిక కార్యం. దానికి వారాల ముందే గుఱ్ఱాలను తెచ్చి, మంచి పచ్చికమీద ఉంచి, గిట్టలు చెక్కి లాడాలు కొట్టేవారు. ఆరు నెలలు స్వేచ్ఛగా తిరిగిన గుఱ్ఱాలు జీను చూడగానే బెదిరి, వీపు విల్లులా వంచి ఎగిరి దూకేవి. మరీ మొండి గుఱ్ఱాలను 'రఫ్ స్ట్రింగ్' అని వేరుచేసి, వాటిని లొంగదీసే నేర్పరికి అప్పగించేవారు. సినిమాలలో మనం చూసే కౌబాయ్ విన్యాసాలలో చాలా భాగం ఈ కొద్ది వారాలవే.

సినిమాలు చూపించనిది లెక్క. ఒక్కొక్క కౌబాయ్‌కి ఆరునుంచి పది గుఱ్ఱాలు కేటాయించేవారు. తెల్లవారుజామున దూరం చుట్టి వచ్చేందుకు ఒకటి, మధ్యాహ్నం మందలోనుంచి పశువును విడదీసేందుకు చురుకైనది మరొకటి, తాడు విసిరే పనికి ఒకటి, రాత్రి కావలికి చీకట్లో తడబడని సాధువైనది ఇంకొకటి. ఇన్ని గుఱ్ఱాలు ఉండడం వైభవం కాదు. గింజ లేకుండా కేవలం పచ్చికమీద బతికే గుఱ్ఱం పూటంతా కష్టపడితే, మళ్ళీ దానికి ఒకటి రెండు రోజులు మేసే తీరిక ఇవ్వాలి. మేతలో లేని బలాన్ని సంఖ్యతో పూడ్చుకున్నారు. 'రెముడా' అన్న పేరు వెనకున్న అర్థశాస్త్రం ఇదే.

ఆ అర్థశాస్త్రం 1886-87 చలికాలంలో కూలిపోయింది. 1886 వేసవి ఎండలకు గడ్డి మాడిపోయింది. అప్పటికే బీళ్ళమీద మోయగలిగినదానికన్నా ఎక్కువ పశువులున్నాయి. నవంబరునుంచే మంచు మొదలైంది. జనవరిలో కాస్త కరిగి మళ్ళీ గడ్డకట్టడంతో నేలమీద గాజుపలకలాంటి పెచ్చు ఏర్పడింది. నెలాఖరున మహా మంచుతుపాను వచ్చింది. పశువులు గాలివాటున నడిచి నడిచి, కొత్తగా వేసిన ముళ్ళకంచెలకు ఆనుకుని గుంపులుగా చచ్చాయి. వసంతంలో మంచు కరిగాక లోయలనిండా కళేబరాలు బయటపడ్డాయి. థియొడోర్ రూజ్‌వెల్ట్, తరువాత అమెరికా అధ్యక్షుడైనవాడు, డకోటాలోని తన మందలో పెద్దభాగం అప్పుడే పోగొట్టుకున్నాడు.

జుడిత్ లోయలోని ఒక రాంచ్‌లో ఆ చలికాలం గడిపిన కుర్ర కౌబాయ్ ఛార్లెస్ రస్సెల్. మంద ఎలా ఉందని యజమాని ఉత్తరం రాస్తే, మాటలతో చెప్పలేక చిన్న అట్టముక్క మీద ఒక బొమ్మ వేసి పంపారు. మంచులో కాళ్ళు విడిచి నిలబడ్డ ఒక బక్కచిక్కిన ఆవు, దాని పడిపోయే క్షణంకోసం కాచుకున్న తోడేళ్ళు. చినూక్ అనే వేడిగాలి కోసం ఎదురుచూస్తున్న ఆవు అది. ఆ బొమ్మే రస్సెల్‌ను చిత్రకారుణ్ణి చేసింది.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం గ్రాన్‌విల్ స్టూవర్ట్ అనే పెద్ద పశుయజమాని చేసిన నిర్ణయం. తాను మేతపెట్టి, నీడ చూపలేని పశువును ఇక జన్మలో సొంతం చేసుకోనని అనుకున్నానని ఆయన తన జ్ఞాపకాలలో రాసుకున్నాడు. ఆ వ్యాపారంనుంచి తప్పుకున్నాడు కూడా. పశువును కొన్నవాడు దాని చలికాలాన్ని కూడా కొన్నట్టే అన్న ధర్మాన్ని ఆ బీళ్ళమీద ఒక మనిషి అంత నష్టం తరువాత గుర్తించాడు.

మిగిలినవారు ఆ ధర్మాన్ని ఎండుగడ్డి రూపంలో ఆచరించారు. డీర్ లాడ్జ్ లోయలో కాన్రాడ్ కోర్స్ అనే జర్మన్ వలసదారు 1866లో కొన్న రాంచ్ నేటికీ జాతీయ చారిత్రక స్థలంగా ఉంది. నేను చూసి వచ్చాను. ఆ చలికాలపు నష్టాన్ని తట్టుకునేందుకు ఆయనకు బ్యూట్ పట్టణంలోని ఒక బ్యాంకరు లక్ష డాలర్లు అప్పు ఇచ్చాడు. 1887 తరువాత మోంటానా రాంచ్‌లకు వేసవి అంటే గడ్డి కోసి ఎండబెట్టి వామివేసే కాలమైంది. గడ్డిని ఏటవాలు కొయ్య బల్లమీదుగా గుఱ్ఱాలచేత పైకి లాగించి వామిమీదికి జారవిడిచే 'బీవర్‌స్లైడ్' అనే యంత్రానికి బిగ్ హోల్ లోయ రైతులు 1910లో పేటెంటు పొందారు. బండి గుఱ్ఱాలు వేసవిలో గడ్డి వామి వేసి, చలికాలంలో అదే గడ్డిని చక్రాలు లేని మంచుబండిమీద మందలకు మోసుకుపోయేవి. స్వారీ గుఱ్ఱాలకు కూడా అందులో వాటా దొరికింది. అప్పటినుంచి వసంతంలో గుఱ్ఱాన్ని కోలుకునేట్టు చేయడం అదృష్టాన్ని వదిలి, ఒక విద్య అయింది.

ఆ విద్య మనకు కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుని విధులకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. ఏ దశలో ఉన్న గుఱ్ఱానికి ఎంత మేత అన్న కొలతలున్నాయి. యుద్ధంవల్ల, వ్యాధివల్ల, ముసలితనంవల్ల క్షీణించిన గుఱ్ఱాలకు కూడా తిండి పెట్టాలని ఉంది. అశ్వవైద్యానికి ఆదిపురుషుడుగా చెప్పే శాలిహోత్రుని పేరే హిందుస్తానీలో పశువైద్యుణ్ణి చెప్పే 'సాలోత్రి' అయింది. గుఱ్ఱం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన సామెత. ఎగతాళిగా పుట్టినా అందులో ఒక నిజం ఉంది. పని ఉన్నా లేకున్నా దాని కడుపు దానిదే.

ఇక మా మోంటానా పెద్దాయన పద్ధతి. ఏప్రిల్, మే నెలలలో అయిదారు ఆదివారాలు వెళ్ళి చూసినదాన్నిబట్టి రాస్తున్నాను.

మొదట చెయ్యి. 1983లో టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో డాన్ హెన్నెకీ అనే శాస్త్రజ్ఞుడు గుఱ్ఱం ఒంటిపుష్టికి 1నుంచి 9దాకా అంకెలు ఏర్పరచాడు. మెడ, మూపు, భుజం వెనక, పక్కటెముకలు, వీపు, తోక మొదలు, ఈ ఆరు చోట్ల తడిమి అంకె వేస్తారు. 1 అంటే ఎముకలగూడు, 9 అంటే ఊబకాయం, 5 అంటే పక్కటెముకలు చేతికి తగులుతూ కంటికి కనపడని స్థితి. పెద్దాయన తన గుఱ్ఱాలకు 4 వేశాడు. ఒక ముసలిదానికి 3.

రెండోది నోరు. గుఱ్ఱం పళ్ళు జీవితమంతా పైకి వస్తూనే, అరుగుతూనే ఉంటాయి. అరుగుదల సమంగా లేకపోతే దవడపళ్ళ అంచులు కత్తుల్లా లేచి బుగ్గలను, నాలుకను కోస్తాయి. ఎంత మేత వేసినా నమలలేక చిక్కిపోతుంది. ఆ 3 అంకె ముసలి గుఱ్ఱం జబ్బు అదే. పశువైద్యుడు వచ్చి పొడుగాటి ఆకురాయితో ఆ మొనలు రాశాడు. పేగుల్లోని పురుగులకు మందు వేశాడు. 1981లో పశువైద్యంలోకి వచ్చిన ఐవర్‌మెక్టిన్ అన్న మందు గుఱ్ఱాల బతుకును ఎంత మార్చిందో చెప్పలేము. దాన్ని కనిపెట్టినవారికి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది.

మూడోది మేత. చిక్కిన గుఱ్ఱానికి జాలిపడి ఒక్కసారిగా గింజలు పెడితే కడుపునొప్పి వచ్చి చచ్చిపోతుంది. మంచి ఎండుగడ్డి రోజుకు ఎనిమిది నుంచి పది కిలోలు, దానికి కొద్దికొద్దిగా గింజ చేరుస్తూ వారాల తరబడి పెంచాలి. నాకు ఆశ్చర్యం కలిగించింది పచ్చికపట్ల వారి భయం. వసంతంలో మొలిచే లేతగడ్డిలో చక్కెరలు మెండు. ఒకేసారి విడిచిపెడితే గిట్టలోపలి సున్నితమైన పొరలు వాచి, గుఱ్ఱం జీవితాంతం కుంటిదైపోవచ్చు. అందుకే మొదట రోజుకు గంటా అరగంట మాత్రమే పచ్చికమీదికి వదిలారు. ఆకలిగొన్నదానికి అమృతం కూడా కొలిచి పొయ్యాలి.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, పని పెంచే తీరు. మొదటి రెండు వారాలు జీనుతో నడక మాత్రమే, అది కూడా మెత్తని నేలమీద. తరువాత దుడుకునడక. ఆపైన చిన్న ఏటవాళ్ళు. నెల దాటాక పరుగు, తాడుపని. ఇంత ఆలస్యం ఎందుకని అడిగాను. ఊపిరి, కండ కొద్ది వారాలలోనే తిరిగి వస్తాయట. కండను ఎముకకు కట్టే స్నాయువులకూ, ఎముకలకూ నెలలు పడుతుంది. మూడోవారానికి గుఱ్ఱం ఉత్సాహంగా గంతులు వేస్తుంది. అది సిద్ధమైందని మనిషి భ్రమపడతాడు. కాళ్ళు ఇంకా సిద్ధం కావు. సరిగ్గా ఆ వారంలోనే గుఱ్ఱాలు చెడిపోతాయి అన్నాడు పెద్దాయన. అందుకే ఆయన ప్రతి ఉదయం నాలుగు కాళ్ళూ మోకాలినుంచి గిట్టదాకా తడిమి ఎక్కడైనా వేడి ఉందేమో చూసేవాడు. జీనుకింద చర్మం ఆరు నెలలలో మెత్తబడి ఉంటుంది. పొట్టపట్టీ ఒరుసుకుని పుండు పడకుండా గంటకొకసారి విప్పి చూసేవాడు. పని తరువాత బొచ్చులోపల చెమట ఆరేదాకా నడిపించి గాని దొడ్డిలో వదిలేవాడు కాదు. పని ఆపిన పది నిమిషాలకు గుండె నిమిషానికి అరవై కొట్టుకునే స్థితికి దిగకపోతే మర్నాడు పని తగ్గించేవాడు.

ఈ పట్టికంతా చూసి, యంత్రాలు వచ్చిన కాలంలో ఇంత శ్రమ ఎందుకని అడిగాను. నాలుగు చక్రాల మోటారుబండ్లు ఆ రాంచ్‌లోనూ ఉన్నాయి. అవి వెళ్ళలేని కొండవాలు, బండ్ల మోతకు బెదిరే చూలావులు, తాడుకు చిక్కిన దూడను బిగబట్టి నిలవడం, వీటికి ఇప్పటికీ గుఱ్ఱమే కావాలన్నాడు. మే నెలాఖరున ముద్రల పని జరిగిన రోజు మేమూ వెళ్ళాము. బొచ్చు రాలిపోయి, వీపులు ఎండకు మెరుస్తున్నాయి. ఎనిమిది గుఱ్ఱాలు పని చేశాయి. ముసలిది పని చేయలేదు. దొడ్డిలో నిలబడి నింపాదిగా గడ్డి నములుతూ ఉంది. దానికి ఈ ఏడు సెలవు అన్నాడు.

ఇప్పుడు మొదట దాటవేసిన సంగతి.

మాది పల్నాడులో ఒక మెట్ట గ్రామం. 1972లో వానలు లేవు. నాకప్పుడు పన్నెండేళ్ళు. చొప్ప వామి సంక్రాంతికే అడుగంటింది. మాకు ఒక ఎడ్ల జత ఉండేది. నాన్న రోజూ పొద్దున్నే పాకలోకి వెళ్ళి, మాట్లాడకుండా, ఆ ఎడ్ల పక్కటెముకల మీద చెయ్యి వేసి నిలబడేవారు. ఉలవలు కొనే స్తోమత లేదు. 1973లో తొలకరి పడింది. ఊరంతా అరకలు కట్టింది. ఒక ఏడు పోగొట్టుకున్న రైతుకు ఇంకొక పదను పోతుందంటే ప్రాణం నిలవదు. నాన్న కూడా కట్టారు. రెండో రోజు మధ్యాహ్నం వలపటి ఎద్దు చాలులోనే మోకాళ్ళమీద కూలబడింది. కాడి తీసి, నీళ్ళు పట్టించి, ఎంత చేసినా మళ్ళీ లేవలేదు. వానదే తప్పని, కరువుదే తప్పని ఊళ్ళోవాళ్ళు ఓదార్చారు. నాన్న ఒప్పుకోలేదు. "నా చేతికి తెలుసురా. తెలిసే కట్టాను" అన్నారు నాతో, ఆ రాత్రి. అంతకు మించి ఆ ఎద్దును గురించి ఆయన ఎన్నడూ మాట్లాడలేదు.

గ్రాన్‌విల్ స్టూవర్ట్ నిర్ణయం చదివినప్పుడు గ్రంథాలయంలో పుస్తకం మూసి కాసేపు బయటికి వచ్చి కూర్చున్నాను. వేల పశువుల యజమానికీ, జత ఎడ్ల రైతుకూ పోలిక లేదు. ఆయన తప్పుకోగలిగాడు. నాన్నకు ఆ వీలు లేదు. ఇద్దరూ తెలుసుకున్నది మాత్రం ఒక్కటే. జంతువు బలం మనకు ఏడాదంతా ఉండే ఆస్తి కాదు. చెడ్డకాలంలో మనం పెట్టినంతే మంచికాలంలో మనకు తిరిగి వస్తుంది. పెట్టలేకపోయినప్పుడు కనీసం ఆగాలి. ఆ ఆగడానికి వెనక గడ్డివామి ఉండాలి, లేదా ఏ బ్యాంకరో ఇచ్చే లక్ష డాలర్లుండాలి. అవి లేనివాడికి చెయ్యి చెప్పిన నిజం కూడా భారమే.

మా అమ్మాయివాళ్ళింటినుంచి తిరిగి వచ్చేముందు ఆ పెద్దాయనకు ఈ కథ చెప్పాను. అమ్మాయి ఇంగ్లీషులో చెప్తుంటే తలవంచుకుని విన్నాడు. చివర ఒక్క ప్రశ్న అడిగాడు. రెండో ఎద్దు ఏమైంది అని. ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. ఆ ఏడు నాన్న దాన్ని మళ్ళీ కాడికి కట్టలేదనీ, పక్కరైతు అరకతో మా చేను దున్నించి, బదులుగా ఆ రైతు పొలంలో కూలికి పోయారనీ చెప్పాను. ఆయన తల ఊపి, గుఱ్ఱాల దొడ్డి వైపు నడిచాడు.

ఎడ్లను ఏరువాకకు సిద్ధం చేసే పద్ధతులు మీ మీ ప్రాంతాలలో ఎలా ఉండేవో తెలిసిన మిత్రులు రాస్తే సంతోషిస్తాను. తడిమి తెలుసుకున్న ఆ చేతులు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి. వాటికి తెలిసినదాన్ని అక్షరాలలోనైనా ఉంచుకుందాము.